బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఏడాది చందా కట్టే ముందు ఈ షరతు చదవండి

మందుల దుకాణానికి ఆన్‌లైన్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తీసుకోబోయే వారికి ఇది హెచ్చరిక. సంస్థ పేరు రాయడం లేదు. ఈ ధోరణి ఆ ఒక్కరిదే అని నేను అనుకోను.

గత నెల ఒక సోమవారం ఉదయం, కౌంటరు దగ్గర జనం నిలబడి ఉండగా, బిల్లు తెర నిలిచిపోయి 'మీ ఇంటర్నెట్ సరిచూసుకోండి' అని చూపించింది. ఆ మాట నమ్మి రౌటరు ఆపి మళ్లీ వేశాను, నెట్ కుర్రాడిని పిలిపించాను. అతను లైను బాగానే ఉందని తేల్చేసరికి గంటన్నర గడిచింది. కస్టమర్ కేర్‌లో ఫోన్ ఎత్తినవారు లేరు. ప్రతి స్ట్రిప్పూ తిప్పి చూసి బ్యాచ్ నంబరు, గడువు తేదీ చేత్తో రాయడం ఎంత పనో ఈ వ్యాపారంలో ఉన్నవారికి చెప్పనక్కర్లేదు. సాయంత్రానికి వాట్సాప్‌లో ఒకే వాక్యం వచ్చింది: తాము సర్వర్లు అద్దెకు తీసుకున్న సంస్థలో లోపం తలెత్తిందట, అది తమ చేతిలో లేదట.

అది నిజమే కావచ్చు. కానీ తప్పు తమది కాదని చెప్పుకున్నవారు, నేనేం చేయాలో మాత్రం చెప్పలేదు. తెర నిలిచిపోయే ముందు చేసిన బిల్లులు నమోదయ్యాయో లేదో తెలియక మళ్లీ ఎక్కించాను. పదకొండు బిల్లులు రెండేసిసార్లు పడి, స్టాకు లెక్క సరిచేయడానికి రెండు రాత్రులు పట్టింది. 'మళ్లీ నమోదు చేయకండి' అన్న మూడు మాటలు మధ్యాహ్నమే పంపి ఉంటే ఈ బాధ ఉండేది కాదు.

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ పంపిన అప్‌డేట్‌లోని లోపం వల్ల సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయినప్పుడు, ఇండిగో తన వ్యవస్థలకు అంతరాయం కలిగిందని ఆ రోజే ప్రయాణికులకు తెలిపింది. హైదరాబాద్‌లో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చింది. లోపం అక్కడా బయటివారిదే.

ఒప్పందం తీసి చూస్తే 99.9 శాతం సేవ అని పెద్ద అక్షరాల్లో ఉంది. అంటే నెలకు సుమారు 43 నిమిషాలకు మించి ఆగకూడదు. కింద చిన్న అక్షరాల్లో, బయటి సంస్థల వల్ల కలిగే అంతరాయం ఇందులోకి రాదని ఉంది. సర్వర్లే బయటివైతే ఇక మిగిలేదేమిటి? ఆ షరతు తీయించండి, లేదా అంతరాయం మొదలైన అరగంటలో ఎస్ఎంఎస్ పంపుతామని రాయించుకోండి. నెట్ లేకుండా బిల్లు పడుతుందో లేదో డెమో రోజునే వైరు తీసి చూడండి.

నా చందా వచ్చే నెల ముగుస్తుంది. ఇదే షరతు గురించి వారికి రాసిన ఉత్తరానికి ఇంతవరకు జవాబు రాలేదు.