ఎంజీబీ జీటీ అద్దాల రబ్బర్లు: ఇంగ్లండ్ సెట్టా, ఆటోనగర్ బీడింగా?

1965లో వచ్చిన ఎంజీబీ జీటీ లాంటి పాత స్పోర్ట్స్ కారుకు అద్దాల రబ్బర్లు మార్చాలంటే విజయవాడ వాళ్లకు రెండు దారులు: ఇంగ్లండ్ నుంచి అచ్చు పోసిన సెట్టు తెప్పించడం, లేదా ఆటోనగర్‌లో మీటరు లెక్కన బీడింగ్ (పొడుగాటి రబ్బరు పట్టీ) కొనడం.

ధరలో అసలు పోటీయే లేదు, బీడింగే చవక. సెట్టుకు రవాణా ఖర్చు, కస్టమ్స్ సుంకం అదనం. అయినా ముందు అద్దానికి నా ఓటు సెట్టుకే. కారణం మూలలు. బీడింగ్ తిన్నగా వస్తుంది. మూల దగ్గర వంచితే లోపలి అంచు ముడతపడుతుంది, కోసి అతికిస్తే మన ఎండలకు అతుకు విడుతుంది. ఇక గట్టి వాన పడితే నీళ్లు డాష్‌బోర్డు కిందికి, అక్కణ్ణుంచి ఫ్లోరులోకి. తుప్పు పట్టిన ఫ్లోరు కోసి వెల్డింగ్ చేయించే ఖర్చు ముందు సెట్టు ధర ఏపాటి?

తలుపు అద్దాల అంచు పట్టీలు దాదాపు తిన్నగానే ఉంటాయి కాబట్టి ఆటోనగర్ సరుకు చాలు. కాకపోతే ఈపీడీఎం (ఒక రకం కృత్రిమ రబ్బరు) అవునా కాదా అని అడగండి. ఎండనూ ఓజోన్‌నూ మామూలు రబ్బరు కన్నా బాగా తట్టుకుంటుంది. బిగించేటప్పుడు సబ్బు నీళ్లు వాడమనండి. గ్రీజు తగిలితే ఈపీడీఎం ఉబ్బుతుంది (మెకానిక్ చెయ్యి ముందు గ్రీజు డబ్బా మీదికే పోతుంది, పక్కనే ఉండండి).

అద్దాల చుట్టూ ఉండే మెరుపు పట్టీలు స్టెయిన్‌లెస్ స్టీలువైతే ఊళ్లోనే బఫింగ్ (మెరుగు పట్టడం) చేయించండి. యానోడైజ్ చేసిన (పైన రక్షణ పొర ఏర్పరచిన) అల్యూమినియమైతే వద్దు, ఆ పొర లేచిపోయి త్వరగా మసకబారుతుంది.