గోల్డ్‌ఫిష్‌కి తెల్లమచ్చలొస్తే ఏది మేలు: కళ్ళుప్పా, హీటరా, నీలం మందా?

పోయిన డిసెంబరులో రాయగడలోని మా ఇంటి అక్వేరియంలోకి కొత్తగా రెండు గోల్డ్‌ఫిష్‌లు తెచ్చాం. తెచ్చిన అయిదో రోజు పొద్దున్న మా అబ్బాయి స్కూలు బ్యాగు తగిలించుకుని గాజుకి ముక్కు ఆనించి, "నాన్నా, చేప మీద ఎవరో ఉప్పు జల్లారు" అన్నాడు. వెళ్ళి చూశాను. తోక మీద ఏడెనిమిది చుక్కలు, మొప్ప కింద రెండు. గసగసాల గింజకన్నా చిన్నవి, కాస్త ఉబ్బెత్తుగా ఉన్నాయి. చేప రాయి దగ్గరికి పోయి ఒళ్ళు రాసుకుని చటుక్కున పక్కకి దూకుతోంది.

సాయంత్రానికి ఇంట్లో సలహాల జాతర. అమ్మ పసుపు వెయ్యమంది (మా అమ్మ దేనికైనా పసుపే అంటుంది). ఇంటి ఓనరు ఒరియావాళ్ళు, ఆవిడ మెట్ల మీంచే "లుణ" అని ఒక్క మాట చెప్పి వెళ్ళిపోయింది. లుణ అంటే ఉప్పు. పార్వతీపురం నుంచి మా బావమరిది ఫోన్లో "బావా, హీటరు పెట్టి ముప్పైకి లేపు, చాలు" అన్నాడు. చేపల షాపతను నీలం మందు సీసా చేతిలో పెట్టి, రోజూ కొన్ని చుక్కలు వెయ్యమన్నాడు. ఎన్ని లీటర్ల ట్యాంకు అని అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆ సీసాతోనే మొదలుపెట్టాను.

నాలుగో రోజుకి మచ్చలు మాయం. మందు పనిచేసిందనుకుని ఆపేశాను. పదో రోజుకి అయిదు చేపలకీ ఒళ్ళంతా మచ్చలే. కొత్తగా తెచ్చినవాటిలో ఒకటి పోయింది.

మచ్చ పోయినంత మాత్రాన రోగం పోయినట్టు కాదు. మూడు వైద్యాల్లో ఏది వేసినా మనల్ని బోల్తా కొట్టించేది ఇక్కడే. ఈ మచ్చల వెనకున్నది ఇక్తియోఫ్తిరియస్ మల్టిఫిలిస్ అనే ఏకకణ జీవి. 1876లో ఫూకే అనే ఫ్రెంచివాడు పెట్టిన పేరు. తెలుగులో చెప్పుకుంటే 'బోలెడు పిల్లల చేపపేను'. పేను కాదు గానీ, పిల్లల సంగతి మాత్రం నిజం. ఇది చేప చర్మం కింద దూరి, తిని, బలిసి, రాలిపోతుంది. అడుగున ఇసకలోనో రాళ్ళకో అంటుకుని చుట్టూ గూడు కట్టుకుంటుంది. లోపల రెండు, నాలుగు, ఎనిమిది చొప్పున చీలి వందల పిల్లలవుతుంది. ఆ పిల్లలు గూడు పగలగొట్టుకుని ఈదుతూ ఒకటి రెండు రోజుల్లో ఏదో ఒక చేపని పట్టుకోవాలి, లేకపోతే చస్తాయి.

చర్మం కింద ఉన్నప్పుడు ఏ మందూ దాన్ని తాకదు. గూట్లో ఉన్నప్పుడూ అంతే. ఈదుతూ ఉన్న ఆ కాస్త వ్యవధిలోనే చంపగలం. నాలుగో రోజు నేను చూసి మురిసిపోయింది పేను రాలడాన్ని. ఆ రోజు నీళ్ళలో పసుపు ఉంటే పసుపుకి పేరొచ్చేది. అమ్మకి ఈ ముక్క చెప్పలేదు, ఆవిడ ఒప్పుకోదు.

ఇంకో సంగతి. ఈ చక్రం ఎంత వేగంగా తిరుగుతుందన్నది నీటి వేడిమి మీద ఉంటుంది. 24 నుంచి 26 డిగ్రీల్లో మూడు నుంచి ఆరు రోజుల్లో తిరిగొస్తుంది. 15 డిగ్రీలకి దిగితే పది రోజులు పట్టొచ్చు. మా వైపు చలికాలం కొండగాలి సంగతి చెప్పక్కర్లేదు. ఆ పొద్దున్న ట్యాంకులో థర్మామీటరు 19 చూపించింది. అంటే నా పేనుకి తొందరేం లేదు, మందు ఆపేసిన నాకే తొందర.

ఇప్పుడు మూడింటినీ పక్కపక్కన పెడతాను.

ఉప్పు. చవక, ఎప్పుడూ ఇంట్లో ఉండేది, కరెంటు అక్కర్లేదు. కళ్ళుప్పు మంచిది, ఎందుకంటే అందులో ముద్దకట్టకుండా కలిపే పొడులు ఉండవు. అయోడిన్ ఉప్పు వేస్తే చేప చస్తుందని కొందరు బెదరగొడతారు గానీ, ఆ కాస్త అయోడిన్‌కి ఏమీ కాదు. లెక్క ముఖ్యం. మాది రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. నిండా పోస్తే సుమారు 56 లీటర్లు. పైన ఖాళీ, లోపల రాళ్ళు తీసేస్తే నికరంగా ఉన్నవి 40. లీటరుకి రెండు గ్రాముల చొప్పున 80 గ్రాములు. గరిటెలూ పిడికెళ్ళూ నమ్మకుండా కిరాణా కొట్లో తూయించి మూడు పొట్లాలు కట్టించాను. రోజుకొకటి, మగ్గు నీళ్ళలో పూర్తిగా కరిగించి, ఫిల్టరు నీళ్ళు పడేచోట మెల్లగా పోశాను. గోల్డ్‌ఫిష్ మూడు గ్రాముల దాకా హాయిగా ఓర్చుకుంటుంది. గప్పీ, మోలీలకైతే ఉప్పు నీళ్ళు ఇష్టమే.

చాలామంది పొరబడేది తర్వాత. నీళ్ళు ఆవిరైతే ఉప్పు ఆవిరి కాదు. కాబట్టి తగ్గిన నీటికి మామూలు నీళ్ళే పోయాలి. బకెట్టుతో తీసి మార్చినప్పుడు మాత్రమే, తీసిన నీటి మేరకు ఉప్పు కలపాలి. పది లీటర్లు తీస్తే ఇరవై గ్రాములు. ఈ తేడా తెలియక నింపిన ప్రతిసారీ ఉప్పు వేస్తే రెండు వారాల్లో ట్యాంకు గోపాల్‌పూర్ సముద్రమవుతుంది.

ఉప్పుకి చేతకానివీ ఉన్నాయి. అడుగున తిరిగే కోరిడోరాస్, లోచ్ లాంటి చేపలు ఓర్చుకోలేవు. నీటి మొక్కలు చాలావాటి ఆకులు కరిగిపోతాయి. పైగా చల్లటి నీళ్ళలో ఉప్పు ఒక్కటే అయితే, పేను గూట్లోంచి ఎప్పుడొస్తుందా అని వారాల తరబడి కాపలా కాయాలి.

హీటరు. మా బావమరిది చెప్పింది తప్పేం కాదు. 30 డిగ్రీల పైన ఈ పేను పిల్లల్ని పెట్టలేదు (ఆ వేడిని తట్టుకునే రకాలూ కొన్ని బయటపడ్డాయి). మందు లేదు, ఉప్పు లేదు, మొక్కలకి దెబ్బ లేదు. రోజుకి ఒకటి రెండు డిగ్రీల చొప్పున పెంచి, పది రోజులు ఉంచి, అలాగే దించాలి. ఏంజెల్, ఫైటర్, టెట్రా లాంటి వేడి నీటి చేపలు, దండిగా మొక్కలు ఉన్న ట్యాంకుకి ఇదే మొదటి మాట అంటాను.

కానీ అతని ట్యాంకులో ఉన్నవి ఏంజెల్స్, నా దగ్గర ఉన్నవి గోల్డ్‌ఫిష్‌లు. ఇవి చల్లని నీటి జాతి, 30 డిగ్రీల్లో పది రోజులంటే వాటికి శిక్షే. వేడెక్కిన కొద్దీ నీటిలో నిలిచే ఆక్సిజన్ కూడా తగ్గుతుంది. 25 డిగ్రీల్లో లీటరుకి సుమారు 8.3 మిల్లీగ్రాములు నిలిస్తే, 30లో 7.6. మచ్చలు మొప్పల్లోనూ ఉంటాయి, అప్పటికే ఊపిరాడని చేపకి ఆ తేడా చిన్నది కాదు. ఇక కరెంటు పోయిందంటే హీటరుతోపాటు గాలి పంపు కూడా ఆగిపోతుంది. వేడి నీళ్ళు, గాలి లేదు, అర్ధరాత్రి. ఆ టెన్షన్ నాకొద్దనుకున్నాను. హీటరు పెట్టేవాళ్ళు బ్యాటరీ పంపు ఒకటి దగ్గర ఉంచుకోవాలి. నీళ్ళు మార్చేముందు ప్లగ్గు పీకాలి, లేకపోతే బయటపడ్డ హీటరు గాజు పగులుతుంది.

నీలం మందు. షాపుల్లో నీలం సీసా అంటే ఎక్కువగా మిథిలీన్ బ్లూ. గుడ్లకీ, పుండు మీద దూది పట్టినట్టొచ్చే బూజుకీ మంచి మందే. తెల్లమచ్చల మీద మాత్రం దాని బలం తక్కువ. పైగా ఫిల్టరులో అమ్మోనియాని అరిగించే మంచి బ్యాక్టీరియాని చంపుతుంది. మూలల్లో సిలికాన్ నీలమైపోయి ఇప్పటికీ నా తెలివితక్కువని గుర్తుచేస్తోంది. వెయ్యాల్సి వస్తే విడిగా టబ్బులో వెయ్యాలి. ఈ రోగానికేమో టబ్బు వైద్యం సగం వైద్యమే, పేను గూళ్ళు పెద్ద ట్యాంకు ఇసకలో ఉంటాయి కదా.

మలకైట్ గ్రీన్ ఉన్న ఆకుపచ్చ మందు నిజంగా పనిచేస్తుంది. ఒళ్ళంతా మచ్చలై, చేప పైకి తేలి నోరు తెరుస్తున్నప్పుడు, ఉప్పు మెల్లగా పెంచే వ్యవధి లేనప్పుడు నేనైనా దాన్నే తీస్తాను. ఒక్క చుక్క తేడా వచ్చినా విషమే కాబట్టి నికర లీటర్లు కట్టి, సీసా మీద రాసినంతే వెయ్యాలి. ఫిల్టరులో బొగ్గు ఉంటే తీసెయ్యాలి, ఉంచితే మందునంతా అదే పీల్చేస్తుంది. గ్లవుజులు తప్పనిసరి. క్యాన్సరు అనుమానంతో తినే చేపలకి వాడకూడదన్న మందు ఇది. సీసా మీద ఫార్మలిన్ అని కూడా ఉంటే నీళ్ళు వేడి చెయ్యొద్దు, అది కూడా ఆక్సిజన్‌ని తగ్గిస్తుంది.

చివరికి నేను చేసింది రెండు కలిపి. ఉప్పు లీటరుకి రెండు గ్రాములు. హీటరు ముప్పైకి కాదు, 25కే. ఆ వేడి గోల్డ్‌ఫిష్‌కి ఇబ్బంది లేదు, పేనుని గూట్లోంచి తొందరగా బయటికి రప్పిస్తుంది, బయటికొస్తే ఉప్పు ఉంది. కరెంటు పోయినా ఉప్పు కాపలా ఉంటుంది. రెండు రోజులకోసారి సన్న పైపుతో ఇసక అడుగు నుంచి నీళ్ళు లాగేవాణ్ణి, గూళ్ళు కొన్నైనా వాటితో పోతాయి. చివరి మచ్చ పోయాక కూడా పది రోజులు ఆపలేదు. మిగిలిన నాలుగూ బతికాయి.

తెల్లమచ్చలు కాక వేరే రోగాలూ వస్తాయి. రెక్కలు చీకిపోతుంటే ముందు నీళ్ళు మార్చండి. పొలుసులు పైకి లేచి పైన్ కాయలా ఉబ్బితే ఇంట్లో చెయ్యగలిగింది తక్కువ. టెట్రాసైక్లిన్ గోళీలు నలిపి పొయ్యడం నాకు నచ్చదు, ఆ మందుని గట్టి నీటిలోని (సబ్బు నురగ రాని నీళ్ళలోని) కాల్షియమే పట్టేస్తుంది, చేపకి అందేది తక్కువ.

వైద్యం మొదలెట్టేముందు మచ్చలు ఎక్కడున్నాయో కూడా చూడండి. మొప్ప మూత మీదా, ముందు రెక్కల అంచు మీదా మాత్రమే వరసగా ఉంటే, చేప ఉషారుగా ఉంటే, అది రోగం కాదు. మగ గోల్డ్‌ఫిష్‌కి జతకట్టే కాలంలో వచ్చే చుక్కలు. మార్చిలో మా పెద్దదానికి అవే వచ్చాయి. మా అబ్బాయి పరుగున వెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చాడు. నేను రెక్క అంచు చూపించి డబ్బా వంటింట్లో పెట్టి రమ్మన్నాను. నమ్మలేదు. వారం రోజులు స్కూలుకెళ్ళేముందు ఆ చుక్కలు లెక్కపెట్టి గోడ క్యాలెండరు మీద రాసుకున్నాడు.