ఎక్కువ తక్కువలు లేని దేశానికి ఆనవాళ్ళు: తిరుపతి చుట్టూ యాత్ర

మనుషులంతా సమానంగా బతుకుతూ, కొండనూ గాలినీ నీటినీ మట్టినీ దేవుడని కొలిచే దేశం ఒకటుందనుకుందాం. పటంలో లేదు, ఊహలోనే ఉంది. ఆ దేశానికీ ఒక భోజనశాల కావాలి, తగవు తీర్చే చోటు కావాలి, అడవిని చూసుకునే సంఘం కావాలి, ఏడాదికోసారి ఊరంతా కలిసే పండగ కావాలి. పాత చిత్తూరు జిల్లాలో ఇవన్నీ తలా ఒకచోట, అరకొరగానే అయినా, కళ్ళకు కనిపిస్తాయి. వాటి కోసమే తిరిగేవాళ్ళకు ఈ వివరాలు. ప్రతిచోటా చూడాల్సినవి రెండే. కలిగినవాడికీ లేనివాడికీ ఒకే వరసేనా? ప్రకృతిని దేవుడన్నాక దానికోసం మనం ఏమైనా మానుకుంటున్నామా?

ముందు కాలం సంగతి. తలకోన జలపాతంలో నీళ్ళు బాగా పడేది అక్టోబరు నుంచి జనవరి దాకా. తిరుపతి గంగమ్మ జాతర వచ్చేది మే నెలలో. రెండూ ఒకే ప్రయాణంలో కుదరవు. ఒక్కసారే రాగలిగితే మాత్రం జాతరకే రండి.

తిరుమలతో మొదలుపెడదాం. కొండమీద దర్శనానికి మెట్లు చాలా ఉన్నాయి: ఉచిత సర్వదర్శనం, 300 రూపాయల ప్రత్యేక ప్రవేశం, గుళ్ళు కట్టించే శ్రీవాణి ట్రస్టుకు 10,000 విరాళమిచ్చి 500 పెట్టి కొనే బ్రేక్ దర్శనం, ఆపైన సిఫారసు ఉత్తరాలు. దేవుడు అందరికీ ఒక్కడే, వేచి ఉండే గంటలే వేరు. ఈ మాట ఎవరికైనా బాధగానే ఉంటుంది, దాచిపెట్టి లాభం లేదు. అదే కొండమీద గుడికి దగ్గర్లోనే తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనం ఉంది. అక్కడ టికెట్టు లేదు, సిఫారసు లేదు, వేరే గది లేదు. నిత్యాన్నదానం 1985లో మొదలైంది, ఈ భవనం 2011లో తెరిచారు. ఒక్కో హాలులో వెయ్యిమంది లెక్కన నాలుగు హాళ్ళు. బయట గుంపు ఎంతున్నా లోపలికి బంతుల లెక్కనే వదులుతారు. ఒక బంతి లేచి, బల్లలు తుడిచి, ఆకులు వేశాకే తర్వాతి తలుపు తీస్తారు. ఆకులో చక్కెర పొంగలి, చట్నీ, కూర, ఆపైన అన్నం, సాంబారు, రసం, మజ్జిగ. వడ్డించే మనిషి బకెట్ పట్టుకుని వరస చివరిదాకా ఆగకుండా నడుస్తాడు. పక్కన కూర్చున్నది కలెక్టరో కూలీయో ఆయన చూడడు, చూసే తీరిక కూడా ఉండదు. సమానత్వం నిలబడింది ఎవరి మంచితనం మీదో కాదు, ఆ నడక వేగం మీద. ఇంతకంటే గట్టి ఏర్పాటు ఇంకెక్కడా కనిపించదు.

ఇక్కడ తప్పులు జరిగేది మన వైపునుంచే. మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా తోపులాట ఎక్కువ, ఆ వేళ తప్పించుకోండి. పిల్లలకు పెద్దలతో సమానంగా వడ్డించేస్తారు కాబట్టి ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి ‘కొంచెమే’ అనండి, లేకపోతే సగం పారేయాల్సి వస్తుంది. ఈ భవనానికి పేరు పెట్టిన వెంగమ్మ 18వ శతాబ్దపు కవయిత్రి, వాయల్పాడు దగ్గరి తరిగొండలో పుట్టింది. భర్త పోయాక ఆనాటి ఆచారాలకు తల వంచలేదు. అందరూ ఒకే బంతిలో కూర్చునే ఇంటికి ఆమె పేరు పెట్టడం చాలా సబబు.

ప్రకృతి సంగతికొస్తే, ఈ కొండమీద పూలన్నీ స్వామివే. ఆడవాళ్ళు తలలో పూలు పెట్టుకోరు. తెలియక మల్లెపూలు పెట్టుకుని వచ్చినవాళ్ళు కిందే తీసేయడం మంచిది. ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు కొండమీద నిషేధం. స్టీలు సీసా తెచ్చుకుంటే జలప్రసాదం కుళాయిల దగ్గర నింపుకోవచ్చు. దుకాణంలో గాజు సీసా కొంటే తిరిగిచ్చినప్పుడు సీసా డబ్బు వెనక్కి వస్తుంది, చాలామంది అది మరిచిపోయి గదిలోనే వదిలేసి పోతారు. కొండమీద తిరగడానికి ఉచిత ధర్మరథం బస్సులున్నాయి. శిలాతోరణం కూడా చూసి రండి. గాలీ నీరూ చెక్కిన 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు రాతి వంపు అది. కంచె బయటినుంచే చూడాలి.

దారి, బస: నడిచి వెళ్ళేవాళ్ళకు అలిపిరి దారి 3,550 మెట్లు, సుమారు 9 కి.మీ. శ్రీవారి మెట్టు 2,388 మెట్లు, 2 కి.మీ.కు కాస్త ఎక్కువ, కానీ ఏటవాలు బాగా నిలువు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు పొడుగు దారే నయం. కొండమీద గదులు 50, 100 రూపాయల నుంచే ఉన్నాయి. ఆధార్ లేకుండా దొరకవు. గది దొరకనివాళ్ళకు యాత్రికుల వసతి సముదాయాల్లో ఉచితంగా లాకరూ పడుకోవడానికి చోటూ ఇస్తారు. తాళం మాత్రం మీరే తెచ్చుకోండి. కింద తిరుపతిలో విష్ణునివాసం రైల్వే స్టేషన్ ఎదుటే ఉంది, శ్రీనివాసం బస్టాండు దగ్గర. తెల్లవారుజామున రైలు దిగేవాళ్ళకు మొదటిది, తలకోనకో కాళహస్తికో బస్సెక్కేవాళ్ళకు రెండోది అనువు.

శ్రీకాళహస్తి తిరుపతికి 36 కి.మీ. బస్సులు ఎప్పుడూ దొరుకుతాయి. ఇక్కడ దేవుడు వాయువు. కిటికీ లేని గర్భగుడిలో దీపం ఊగుతూ ఉండటమే దానికి గుర్తు. సాలెపురుగు, పాము, ఏనుగు కొలిచిన దేవుడని ఊరి పేరులోనే ఉంది: శ్రీ, కాళ, హస్తి. ఆ మూడింటి తర్వాత వచ్చిన భక్తుడు వేటగాడు, తిన్నడు. నోటితో నీళ్ళు తెచ్చి అభిషేకం చేసి, మాంసం నైవేద్యం పెట్టి, కన్ను పీకిచ్చి కన్నప్ప అయ్యాడు. మహాశివరాత్రి బ్రహ్మోత్సవాల్లో మొదటి ధ్వజం ఎగిరేది శివుడి గుడిలో కాదు, కన్నప్ప కొండమీద. బోయవాడి జెండా ఎగిరాకే దేవుడి జెండా. దీన్ని చూడాలంటే ఉత్సవాల మొదటి రోజుకే చేరుకోవాలి, శివరాత్రి నాటికి వస్తే అది అయిపోయి ఉంటుంది. మామూలు రోజుల్లో వచ్చినవాళ్ళు కన్నప్ప కొండ ఎక్కి రావాలి. రాయి కాలుతుంది కాబట్టి ఉదయం 8 లోపే ఎక్కండి.

ఈ గుడిలో మనసుకు పట్టనిది రాహుకేతు పూజ ఏర్పాటు. టికెట్లు 500 నుంచి 5,000 దాకా ఉన్నాయి, డబ్బు పెరిగేకొద్దీ కూర్చునే చోటు లోపలికి జరుగుతుంది. పూజ ఒక్కటే, వెండి నాగపడగలు ఒక్కటే, చోటు మాత్రం వేరు. వేటగాడికి మొదటి జెండా ఇచ్చిన చోట ఇది పొసగదు. పూజ చేయించాలనుకుంటే టికెట్టు దేవస్థానం కౌంటర్లోనే కొనండి. స్టాండు నుంచి వెంటబడి ‘సామాన్లు మేమిస్తాం’ అనేవాళ్ళ మాట నమ్మొద్దు, సామాను టికెట్టుతోనే వస్తుంది.

తలకోన తిరుపతికి సుమారు 50 కి.మీ. చంద్రగిరి, రంగంపేట, భాకరాపేట మీదుగా నెరబైలు దాటి వెళ్ళాలి. బస్సులు తక్కువ, సాయంత్రం తిరుగు బస్సు సమయం డ్రైవర్నే అడిగి దిగండి. ఘాట్ రోడ్డు మలుపుల్లో చీకటి పడ్డాక బండి నడపకపోవడం మంచిది. ఇక్కడ వసతులు చూసుకునేది వన సంరక్షణ సమితి, అంటే ఊరివాళ్ళ సంఘం. మన రాష్ట్రంలో ఈ సమితులు 1992 తర్వాత వచ్చాయి. నియమం ప్రకారం ఒక్కో ఇంటినుంచి ఇద్దరు సభ్యులు, అందులో ఒకరు ఆడమనిషి అయి తీరాలి. ఊహాదేశానికి అడవి శాఖ ఉంటే దాని మొదటి వాక్యం ఇదే కావాలి. గేటు దగ్గర కట్టే రుసుము, బస డబ్బులు ఆ సంఘం చేతులమీదుగా నడుస్తాయి కనుక రసీదు అడిగి తీసుకోండి. అది అనుమానం కాదు, వాళ్ళ లెక్కకు బలం.

సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర బండి ఆపి అడవి దారిలో నడవాలి. జలపాతం ఎత్తు 270 అడుగులు, రాష్ట్రంలో అంత ఎత్తైనది ఇంకొకటి లేదు. దారిలో మనిషి నడుము లావున మెలికలు తిరిగి చెట్టునుంచి చెట్టుకు పాకిన గిల్లతీగ కనిపిస్తుంది. ఊయల ఊగడానికి అది ఉందనుకుని ఎక్కేవాళ్ళున్నారు. బెరడు ఒలిస్తే అక్కడే కుళ్ళు మొదలవుతుంది, చెయ్యి పెట్టకండి. చెట్ల కొమ్మల మధ్య 240 మీటర్ల తాళ్ళ వంతెన ఉంది, వానపడ్డ రోజు పలకలు జారతాయి. ఉదయాన్నే మాట్లాడకుండా నడిస్తే బెట్టుడుతలు కనిపిస్తాయి. దేవాంగపిల్లి రాత్రి జీవి, దానికోసం లైట్లు వేసుకుని తిరగొద్దు. ఎర్రచందనం అడవి కాబట్టి దారి తప్పి లోపలికి పోతే అటవీ సిబ్బంది ఆపి ప్రశ్నిస్తారు.

ఇక్కడ ప్రమాదాలన్నీ దాదాపు ఒకేలా జరుగుతాయి: మడుగు దగ్గర పాచి పట్టిన రాయిమీద చెప్పులతో నిలబడటం, లోతు తెలియక దూకడం. పైన కొండల్లో వాన పడితే కింద ఎండగా ఉన్నా నీటి రంగు మారుతుంది. ఎర్రగా, ఆకులతో కలిసి రావడం మొదలైతే ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా ఒడ్డెక్కాలి. తినుబండారాలు సంచి లోపల పెట్టి జిప్పు వేయండి, కోతులు కవరు చప్పుడుకే వస్తాయి. అడవి గదుల్లో రాత్రి కరెంటు పోవచ్చు. టార్చి, దోమల మందు, దుప్పటి తెచ్చుకుంటే హాయిగా గడుస్తుంది. శివుడి గుడి ముందే ఖాళీ సీసాలు గుట్టపడి ఉన్న రోజుల్లో మాత్రం, కొండమీది ప్లాస్టిక్ నిషేధం ఇక్కడికీ రావాలనిపిస్తుంది.

కాణిపాకం చిత్తూరుకు 11 కి.మీ. వినాయకుడు బావిలో వెలిశాడు, ఆ నీరే తీర్థం. జనం ఇక్కడికి మొక్కులతోపాటు తగవులతోనూ వస్తారు. దొంగతనమో, అప్పో, ఇచ్చిన మాటో తేలనప్పుడు కోనేట్లో మునిగి తడిబట్టలతో స్వామి ముందు సత్యప్రమాణం చేస్తారు. భూమి ఉన్నవాడైనా లేనివాడైనా తడిసిన బట్టలు ఒక్కటే, వకీలు ఖర్చు లేదు. అయితే ఒకటి గుర్తుంచుకోవాలి: ప్రమాణం ఇష్టపడి చేసేది. ఊరి పెద్దలు బలవంతంగా ఒక ఆడపిల్లనో కూలీనో తీసుకొచ్చి నిలబెడితే అది న్యాయం కాదు. పక్కనే బాహుదా నది. అడగకుండా మామిడిపళ్ళు తిన్న లిఖితుడి చేతులు రాజు నరికిస్తే, ఈ నీళ్ళలో మునగ్గానే తిరిగొచ్చాయని కథ. కోర్టు పక్కన కరుణ చూపే నది ఉండటం నచ్చే ఏర్పాటు. ప్రకృతిని కాచుకునే చోటు ఇంకొకటి ఉంది: మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ బడి ఆవరణ 1991 నుంచి పక్షుల రక్షిత స్థలం. అది చూడటానికి పోయే ఊరు కాదు, ముందుగా రాసి అనుమతి తెచ్చుకోనిదే గేటు దాకా పోయి ప్రయోజనం లేదు.

ఇక తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర. మంగళవారం రాత్రి చాటింపు వేస్తారు. ఆ తర్వాత జాతర ముగిసేదాకా ఊరివాళ్ళు పొలిమేర దాటి బయట నిద్ర చేయరు. ఆడవాళ్ళను చెరిచే పాలెగాణ్ణి వెతుకుతూ గంగమ్మ రోజుకో వేషం కట్టిందని కథ, ఊరంతా ఆ వరసే నడుస్తుంది. బుధవారం బైరాగి, ఒంటికి నామం సుద్ద. గురువారం బండ, కుంకుమ పూసుకుని నోటినిండా బూతులు. శుక్రవారం తోటి, అంటే ఊరి పనులు చేసే వెట్టివాడు, బొగ్గు పూసి వేపమండలు. శనివారం దొర, ఆరోజే పాలెగాడి తల తెగుతుంది. ఆదివారం మాతంగి, సోమవారం సున్నపు కుండల వేషం, మంగళవారం జాతర. మీసాలున్న మగవాళ్ళు చీర కట్టి, జడ వేసి, గాజులు తొడుక్కుని గుడికి వస్తారు, చూసేవాళ్ళు ఎగతాళి చేయరు. బిచ్చమెత్తే బైరాగి, ఊరి తోటి, దొర: మూడు బతుకులూ ఒకే దేవత ఒంటిమీద ఉంటాయి. ఆ అమ్మ వెంకన్నకు చెల్లెలు, కొండమీదినుంచి ఆమెకు సారె వస్తుంది.

వేషం కట్టాలనుకుంటే రంగుల దుకాణంలో దొరికే పెయింటు వద్దు. మే ఎండలో చెమటతో కలిసి చర్మం మండుతుంది. నామం సుద్ద, కుంకుమ, పసుపు, బొగ్గు చాలు. పూసుకునే ముందు కొబ్బరినూనె పలచగా రాస్తే సులువుగా పోతుంది. తీసేటప్పుడూ ముందు నూనె, తర్వాత కుంకుడురసం. చుట్టుపక్కల వీధులు మూసేస్తారు కాబట్టి ఆటో దూరంగానే దిగి నడవాలి, బస గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల చూసుకుంటే నడక తగ్గుతుంది. మంగళవారం వీధివీధికీ రాగి అంబలి పోస్తారు. మీ చెంబు మీరే తీసుకెళ్ళండి. పలచగా, మజ్జిగా ఉల్లిపాయా వేసి ఇచ్చేది ఎండకు మంచిదే. బాగా పులిసిన వాసన వస్తే పిల్లలకు తాగించకండి.

బుధవారం తెల్లవారకముందు గుడి ముందు మట్టితో గంగమ్మ పెద్ద విశ్వరూపం చేసి నిలబెడతారు. కాసేపటికే చెంప నరుకుతారు. ఆ క్షణం నుంచి అంతా ఆ మట్టి కోసమే. అప్పటిదాకా దేవతగా చూసిన ముఖం మట్టి పెళ్ళలై జనం చేతుల్లోకి పోతుంది, ఎవరికి అందింది వాళ్ళకి. తొక్కిసలాట జరిగేది ఇక్కడే. బారికేడు పక్కన పిల్లలతో, ముసలివాళ్ళతో నిలబడకండి, వెనక ఆగితే ముందు దొరికినవాళ్ళే చిటికెడు విరిచి ఇస్తారు, అడిగితే కాదనరు. మట్టి తడిగా ఉంటుంది. కవర్లో పెడితే బూజు పడుతుంది, వేపాకులో చుట్టి నీడన రెండు రోజులు ఆరనిచ్చి దేవుడి గూట్లో పెట్టుకోవాలి.