యుద్ధప్రాంతంలో రోగుల తరలింపుకు టర్బైన్ వెంటిలేటర్: దీర్ఘకాల వాడకం తరువాత ఒక సమీక్ష

కృత్రిమ శ్వాస మీద ఉన్న రోగిని ఒక ఆసుపత్రి నుంచి మరొక ఆసుపత్రికి చేర్చడం ఎక్కడైనా ప్రమాదంతో కూడిన పనే. యుద్ధప్రాంతంలో దానికి మరొక చిక్కు తోడవుతుంది: ప్రయాణం ఎంతసేపు పడుతుందో బయలుదేరేటప్పుడు ఎవరూ చెప్పలేరు. గంటన్నర దారి అనుకున్నది చెక్‌పోస్టు దగ్గర నిలిచిపోయి ఐదు గంటలు కావచ్చు. వంతెన కూలిపోయి చుట్టుదారి పట్టవలసి రావచ్చు. అనుమతి చేతికందిన తరువాత కూడా కాల్పులు సద్దుమణిగేవరకు అంబులెన్సును రోడ్డు పక్కనే ఉంచవలసి రావచ్చు. అటువంటి తరలింపుల్లో అనస్థీషియా బృందంలో పనిచేస్తూ ఏళ్ల తరబడి వాడిన టర్బైన్ ట్రాన్స్‌పోర్ట్ వెంటిలేటర్ గురించి, అటువంటి యంత్రాన్ని కొనాలనుకుంటున్న లేదా విరాళంగా అందుకోబోతున్న వైద్య బృందాల కోసం ఈ సమీక్ష రాస్తున్నాను. తయారీ సంస్థ పేరు చెప్పడం లేదు. ఇక్కడ రాసిన గుణదోషాల్లో చాలా భాగం ఈ తరగతి యంత్రాలన్నింటికీ వర్తిస్తాయి; ఏ సంస్థ యంత్రం కొనాలన్న దానికంటే ఏ రకం యంత్రం కొనాలన్నదే ముందు తేల్చుకోవలసిన విషయం.

ట్రాన్స్‌పోర్ట్ వెంటిలేటర్లు స్థూలంగా రెండు రకాలు. మొదటి రకం సిలిండర్ నుంచి అధిక పీడనంతో వచ్చే ఆక్సిజన్ బలంతోనే నడుస్తుంది. అది దృఢంగా ఉంటుంది, దానికి విద్యుత్తు అంతగా అక్కరలేదు, నేర్చుకోవడం తేలిక. కానీ సిలిండర్ ఖాళీ అయిన క్షణంలోనే యంత్రమూ ఆగిపోతుంది. రెండో రకంలో ఒక చిన్న టర్బైన్ చుట్టూ ఉన్న గాలిని పీల్చుకుని రోగి ఊపిరితిత్తుల్లోకి పంపుతుంది, ఆక్సిజన్ ఆ గాలిలో అవసరమైనంత మేరకే కలుస్తుంది. ఆక్సిజన్ పూర్తిగా అయిపోయినా బ్యాటరీ ఉన్నంతసేపు 21 శాతం ఆక్సిజన్ ఉన్న మామూలు గాలితోనైనా శ్వాస కొనసాగుతుంది. ఊపిరితిత్తులు బాగానే ఉండి, తలకు తగిలిన గాయం వల్ల స్పృహ లేక వెంటిలేటర్ మీద ఉన్న రోగి ఆ గాలితోనే గమ్యం చేరవచ్చు. రెండు రకాలనూ వాడి చూశాక, యుద్ధప్రాంతానికి టర్బైన్ యంత్రమే తగినదని నా గట్టి అభిప్రాయం.

ఆక్సిజన్ లెక్క కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే యంత్రం ఎంపికలో అసలు నిర్ణయం అక్కడే ఉంది. నిమిషానికి 8 లీటర్ల గాలి అవసరమైన ఒక పెద్దవయసు రోగిని తీసుకుందాం. అతనికి పూర్తిగా నూరు శాతం ఆక్సిజన్ ఇస్తే, యంత్రం గొట్టాల్లో నిరంతరం పంపే అదనపు ప్రవాహాన్ని, చిన్న లీకేజీలను కలుపుకొని నిమిషానికి 10 లీటర్లు ఖర్చవుతుందని అనుకోవాలి. 680 లీటర్లు పట్టే ‘E’ సైజు సిలిండర్ ఆ లెక్కన 68 నిమిషాలు వస్తుంది. అదే రోగికి 60 శాతం ఆక్సిజన్ సరిపోతే, మిగిలిన భాగాన్ని టర్బైన్ బయటి గాలి నుంచే తీసుకుంటుంది కాబట్టి, నిమిషానికి సుమారు 5 లీటర్లు చాలు. అదే సిలిండర్ సుమారు 136 నిమిషాలు నిలుస్తుంది. ఐదు గంటలు ఆగిపోయే అవకాశం ఉన్న దారిలో మొదటి పద్ధతికి ఐదు సిలిండర్లు కావాలి, రెండో పద్ధతికి మూడు చాలు. రెండు సిలిండర్ల బరువు, అవి ఆక్రమించే చోటు, తూటాలు తగిలే ప్రాంతంలో అధిక పీడన సిలిండర్లను పక్కన పెట్టుకుని ప్రయాణించే ప్రమాదం, ఇవన్నీ ఒక్క నిర్ణయంతో తగ్గుతాయి. అందుకే బయలుదేరే ముందు ఆసుపత్రి మంచం దగ్గరే ఆక్సిజన్ శాతాన్ని మెల్లగా తగ్గించి, రక్తంలో ఆక్సిజన్ స్థాయి 94 శాతానికి పైన నిలకడగా ఉండే అతి తక్కువ మోతాదు ఏదో తెలుసుకోవడం మా బృందంలో తప్పనిసరి అయింది. భద్రత కోసమని నూరు శాతం దగ్గర ఉంచి బయలుదేరడం చాలామందికి అలవాటు. యుద్ధప్రాంతంలో ఆ అలవాటే సిలిండర్‌ను దారిలో ఖాళీ చేస్తుంది. ఆ తరువాత, అనుకున్న ప్రయాణ సమయానికి రెట్టింపు సమయానికి సరిపడా ఆక్సిజన్ తీసుకువెళ్లాలన్న సాధారణ నియమాన్ని కనీస హద్దుగా మాత్రమే భావించాలి.

ఈ యంత్రంలో నాకు అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడిన అంశం ప్రచార పత్రాల్లో చిన్న అక్షరాల్లో కనిపించేది: తక్కువ పీడనపు ఆక్సిజన్‌ను స్వీకరించే ద్వారం. దానికి ఆక్సిజన్ కాన్సంట్రేటర్‌ను, అంటే చుట్టూ ఉన్న గాలి నుంచే ఆక్సిజన్‌ను వేరుచేసి ఇచ్చే విద్యుత్ యంత్రాన్ని, నేరుగా కలపవచ్చు. నిమిషానికి 5 లీటర్లు, సుమారు 93 శాతం స్వచ్ఛతతో ఇచ్చే మామూలు కాన్సంట్రేటర్‌తో పైన చెప్పిన రోగికి సిద్ధాంతరీత్యా 66 శాతం ఆక్సిజన్ అందుతుంది, ఆచరణలో కొంత తగ్గుతుంది. 3 లీటర్లు నిరంతరంగా ఇచ్చే చిన్న యంత్రంతోనైనా 50 శాతానికి చేరువగా వెళ్లవచ్చు. సిలిండర్లు నింపే ప్లాంటు దాడికి గురై మూతపడినప్పుడు, లేదా సిలిండర్ల లారీని చెక్‌పోస్టు దాటనివ్వనప్పుడు, విద్యుత్తు దొరికే ప్రతి చోటూ ఆక్సిజన్ దొరికే చోటు అవుతుంది. రోగి ఊపిరి పీల్చినప్పుడు మాత్రమే కొద్దికొద్దిగా ఆక్సిజన్ వదిలే చిన్న కాన్సంట్రేటర్లు మాత్రం ఈ పనికి పనికిరావు. కొనేవారు నిరంతర ప్రవాహం ఇచ్చేదాన్నే అడిగి తీసుకోవాలి. 2022లో ఉక్రెయిన్‌లో డాక్టర్స్ వితౌట్ బార్డర్స్ సంస్థ, ఆ దేశపు రైల్వేలు కలిసి నడిపిన వైద్య రైలులో ఐసీయూ బోగీతో పాటు ఆక్సిజన్‌ను రైలులోనే తయారుచేసుకునే ఏర్పాటు ఉండేది. మార్చి 31 నుంచి జూన్ 6 వరకు ఆ సంస్థ 653 మంది రోగులను తూర్పు ప్రాంతాల నుంచి తరలించింది. మా అంబులెన్సు స్థాయి చాలా చిన్నదైనా, దారిలోనే ఆక్సిజన్ తయారవ్వాలన్న ఆలోచన ఒక్కటే.

టర్బైన్‌కు మూల్యం విద్యుత్తు. కొత్తగా ఉన్నప్పుడు బ్యాటరీ తయారీదారులు చెప్పినంతసేపు వచ్చింది. చలికాలంలో, పాతబడిన తరువాత, ఎక్కువ పీడనంతో శ్వాస పంపవలసిన రోగుల విషయంలో చాలా తగ్గింది. తెరమీద కనిపించే శాతాన్ని నమ్మకుండా, కృత్రిమ ఊపిరితిత్తి సంచికి కలిపి బ్యాటరీ పూర్తిగా అయిపోయేవరకు నడిపి చూసి, వచ్చిన సమయాన్ని బ్యాటరీ మీదే తేదీతో రాసిపెట్టడం మంచిది. యంత్రం ఆగకుండానే బ్యాటరీ మార్చుకునే సౌకర్యం ఉన్న నమూనా మాత్రమే తీసుకోవాలి. చెక్‌పోస్టుల్లో తరచుగా ఇంజను ఆపమంటారు; అప్పుడు వాహనం నుంచి వచ్చే విద్యుత్తు కూడా ఆగుతుంది. కాన్సంట్రేటర్‌కు మూడు వందల వాట్లకు పైగా అవసరం కాబట్టి ఆ సమయంలో అది నడవదు, మళ్లీ సిలిండర్ తెరవవలసిందే. అంటే రెండూ ఉండాలి, వాటి మధ్య మారడం చీకట్లో కూడా చేతికి అలవాటై ఉండాలి.

రోడ్డు మీద యంత్రం పనితీరు గురించి మిశ్రమ అభిప్రాయమే ఉంది. గుంతల రోడ్డులో కుదుపులను, గొట్టంలో చేరిన నీటి కదలికను రోగి సొంత ప్రయత్నంగా పొరబడి అనవసరపు శ్వాసలు పంపడం ఈ యంత్రానికి ఉన్న నిజమైన లోపం. ట్రిగ్గర్ (రోగి ప్రయత్నాన్ని పసిగట్టి శ్వాస పంపే అమరిక) సున్నితత్వాన్ని తగ్గించడం, గొట్టాన్ని రోగి తల కంటే కిందుగా వంచి కట్టడం, అవసరమైతే మత్తు మోతాదు పెంచడం వల్ల అది అదుపులోకి వస్తుంది. గాలి లోపలికి వెళ్లే చోట ఉన్న ఫిల్టర్ కూలిన భవనాల దుమ్ములో చాలా త్వరగా మూసుకుపోతుంది. అదనపు ఫిల్టర్లు లేకుండా బయలుదేరకూడదు. కవచవాహనంలో ఇంజను హోరు మధ్య అలారం వినపడదు, దీపాలు ఆర్పి వెళ్లే రాత్రి ప్రయాణంలో తెర వెలుగే ప్రమాదం. మా యంత్రంలో తెర వెలుగును దాదాపు పూర్తిగా తగ్గించవచ్చు, కానీ అలా చేసినప్పుడు అలారం ఎర్రదీపం కూడా మసకబారుతుంది. ఇది రూపకల్పనలో తప్పనే నా అభిప్రాయం. ఆ పరిస్థితుల్లో అన్నిటికంటే నమ్మదగిన కాపలా కాప్నోగ్రఫీ, అంటే బయటికి వచ్చే శ్వాసలో కార్బన్ డయాక్సైడ్‌ను ప్రతి శ్వాసకూ చూపే కొలత. గొట్టం జారినా, ఊడినా, గుండె పనితీరు పడిపోతున్నా, ఆక్సిజన్ స్థాయి పడిపోకముందే ఆ గీత మారుతుంది. వెంటిలేటర్‌లోనే ఈ కొలత ఉన్న నమూనా ఖరీదు ఎక్కువే, అయినా ఇంకెక్కడైనా తగ్గించుకుని దీన్ని తీసుకోవాలి.

తరలింపులో అత్యంత ప్రమాదకరమైన నిమిషాలు దారిలో కంటే మంచం దగ్గరే ఎక్కువగా ఉంటాయి. ఐసీయూ వెంటిలేటర్ నుంచి ఈ చిన్న యంత్రానికి మార్చేటప్పుడు గొట్టాన్ని తెరిచి ఉంచితే, ఊపిరితిత్తులను తెరిచి ఉంచుతున్న పీడనం ఒక్కసారిగా పోయి, మళ్లీ వాటిని తెరవడానికి గంటలు పట్టవచ్చు. శ్వాసగొట్టాన్ని ఒక్క క్షణం క్లాంపుతో బిగించి మార్చడం మంచి పద్ధతి. ఆ తరువాత కనీసం పావుగంట మంచం దగ్గరే కొత్త యంత్రం మీద ఉంచి చూడాలి. బయట కాన్వాయ్ తొందరపెడుతున్నా ఈ పావుగంటను వదులుకోకూడదని నేను గట్టిగా కోరుతున్నాను, ఎందుకంటే రోగి ఈ యంత్రాన్ని తట్టుకోలేడన్న సంగతి తెలియవలసింది ఐసీయూలో, వంతెన మీద కాదు. పేలుడు తాకిడికి ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారిలో పీడనంతో పంపే శ్వాస వల్ల ఛాతీలో గాలి చేరి ఊపిరితిత్తి కుంచించుకుపోయే ప్రమాదం ఉంటుంది. అటువంటి వారికి బయలుదేరకముందే ఛాతీలో చేరిన గాలిని బయటికి తీసే గొట్టం అవసరమా అని తేల్చుకోవాలి. ఛాతీకి ఉన్న ఆ గొట్టాన్ని ప్రయాణంలో క్లాంపుతో మూయకుండా, నీటి సీసాకు బదులు ఒకవైపే గాలి వదిలే కవాటం కలపాలి. విమానంలో తీసుకువెళ్లేటప్పుడు ఇది మరింత ముఖ్యం. క్యాబిన్ పీడనం 8,000 అడుగుల ఎత్తుకు సమానమైతే శరీరంలో చిక్కుకున్న గాలి పరిమాణం సుమారు మూడో వంతు పెరుగుతుంది, శ్వాసగొట్టం చుట్టూ ఉండే బుడగ కూడా ఉబ్బుతుంది.

యంత్రం ఎంత మంచిదైనా దాని పక్కన కూర్చునే మనిషికి అది ప్రత్యామ్నాయం కాదు. అమెరికా వైమానిక దళం 1990లలో రూపొందించిన తరలింపు బృందాల్లో ఒక వైద్యుడు, ఒక ఐసీయూ నర్సు, ఒక శ్వాస చికిత్స నిపుణుడు కలిసి, వెంటిలేటర్ మీద ఉన్న ముగ్గురు రోగుల వరకు చూసుకుంటారు. మనకు చాలాసార్లు ఒక వైద్యుడు, ఒక నర్సు మాత్రమే దొరుకుతారు. కొన్నిసార్లు నర్సు ఒక్కరే. అందుకే మీటల అమరిక సరళంగా ఉండటం, స్థానిక భాషలో సూచనలు ఉండటం విలాసాలు కావు. చేత్తో నొక్కి శ్వాస అందించే అంబూ బ్యాగ్ రోగి తల పక్కనే, చేతికందే చోట, మాస్కుతో సహా ఉండాలి.

పిల్లల విషయంలో ఈ యంత్రం నన్ను నిరాశపరిచింది. ఒక్కో శ్వాసకు 50 మిల్లీలీటర్ల కంటే తక్కువ ఇవ్వలేదు కాబట్టి శిశువులకు పనికిరాదు. 2023 నవంబర్ 19న గాజాలోని అల్ షిఫా ఆసుపత్రి నుంచి నెలలు నిండని 31 మంది శిశువులను రఫాకు, మరునాడు వారిలో 28 మందిని ఈజిప్టుకు తరలించవలసి వచ్చింది. యుద్ధంలో తరలించవలసిన వారిలో నవజాత శిశువులు ఉంటారని తెలిసి కూడా, విరాళంగా వచ్చే పరికరాలు దాదాపు అన్నీ పెద్దవాళ్ల కోసమే ఉండటం బాధాకరం. శిశువుల వెంటిలేటర్, వెచ్చగా ఉంచే ట్రాన్స్‌పోర్ట్ ఇంక్యుబేటర్ విడిగా అడగాలి.

1949 జెనీవా ఒప్పందాలు క్షతగాత్రులను, రోగులను తీసుకువెళ్లే వాహనాలకు రక్షణ ఇచ్చాయి. వైద్య సిబ్బంది, వాహనాలు, ఆసుపత్రుల మీద దాడులను ఖండిస్తూ ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి 2016 మే 3న 2286వ తీర్మానాన్ని ఆమోదించింది. ఆ రక్షణ ఆచరణలో దొరికిన రోజున కూడా తనిఖీ తప్పదు. సిలిండర్లు, వైర్లు, బ్యాటరీలతో నిండిన పెట్టె సైనికుడికి అనుమానం కలిగించడం సహజం. ప్రతి పరికరం ఫోటో, పేరు, ఉపయోగం స్థానిక భాషలో రాసిన ఒక పత్రం మా వెంట ఉంచుకోవడం మొదలుపెట్టాక, పెట్టెలు విప్పించి వెతికే సందర్భాలు తగ్గాయి. రోగి నుంచి వెంటిలేటర్ విడదీయకూడదన్న వాక్యం ఆ పత్రంలో అన్నిటికంటే పైన ఉండాలి.

ఇంత వాడాక కూడా నాకు మిగిలిన పెద్ద ఫిర్యాదు మరమ్మతుల గురించి. యంత్రం దృఢమైనదే, టర్బైన్ ఒక్కసారి కూడా ఆగలేదు. కానీ శ్వాస ప్రవాహాన్ని కొలిచే సెన్సర్, బయటి శ్వాస కవాటం కొంతకాలానికి మార్చవలసిన భాగాలు. వాటిని మార్చిన తరువాత యంత్రాన్ని సరిచూడటానికి తయారీ సంస్థ రహస్య సంకేతం కావలసి వచ్చింది. దాన్ని ఇచ్చే ప్రతినిధి ముట్టడిలో ఉన్న నగరానికి రాలేడు. స్థానిక బయోమెడికల్ ఇంజనీరు చేతిలో విడిభాగం ఉండి, నైపుణ్యం ఉండి కూడా, యంత్రం వారాల తరబడి మూలన పడి ఉంది. అందువల్ల కొనేవారు, విరాళం ఇచ్చేవారు ఒప్పందం మీద సంతకం చేయకముందే ఆ సంకేతాన్ని, సర్వీసు పుస్తకాన్ని, రెండేళ్లకు సరిపడా సెన్సర్లను, కవాటాలను, ఫిల్టర్లను యంత్రంతో పాటే ఇస్తారని రాతపూర్వకంగా తీసుకోవాలి. ఆ హామీ ఇచ్చే సంస్థ యంత్రంలో శ్వాస పద్ధతులు రెండు తక్కువగా ఉన్నా నేను దాన్నే ఎంచుకుంటాను.