సిరిపురం మ్యాపుల షాపు: జోనింగ్ మ్యాపు మీద అభ్యంతరం పెట్టేవాళ్లు ముందు వెళ్లాల్సిన చోటు

మాస్టర్ ప్లాన్ ముసాయిదా మీద అభ్యంతరం పెట్టాలనుకుంటే ముందు ఈ షాపుకి వెళ్లండి, ఆఫీసుకి తర్వాత వెళ్లొచ్చు. విశాఖలో సిరిపురం జంక్షన్ నుంచి లోపలికి పోయే సందులో మేడ మీద ఉంటుంది. కింద నుంచి చూస్తే పెద్ద సైజు ప్రింట్లు తీసే మామూలు జిరాక్స్ షాపే అనుకుంటాం, ఇంటి ప్లాన్లు, లేఅవుట్ కాపీల కోసం వచ్చేవాళ్లే ఎక్కువ కూడా. కానీ వీళ్ల అసలు పనితనం వేరే చోట ఉంది. మాస్టర్ ప్లానులో భాగంగా జనం ముందు పెట్టిన జోనింగ్ మ్యాపుని, అంటే ఏ స్థలం దేనికి వాడాలో రంగుల్లో చూపే మ్యాపుని, మన సర్వే నంబరు దాకా తెచ్చి, మన స్థలం ఏ రంగులో పడిందో, ఏ రోడ్డు గీత ఎక్కడ తగులుతోందో చూపిస్తారు, దాని మీద అర్జీ కూడా రాసిపెడతారు. ఐదుకి నాలుగున్నర ఇస్తున్నాను. ఆ అర ఎందుకు తగ్గిందో కింద రాశాను.

విశాఖలో ఈ పని ఎంత అవసరమో చూడండి. ఇక్కడ మాస్టర్ ప్లాన్ వేసే సంస్థ వుడా (విశాఖ నగరాభివృద్ధి సంస్థ) 1978లో వచ్చింది, 2018లో వీఎంఆర్డీఏ (విశాఖ మెట్రో రీజియన్ అభివృద్ధి సంస్థ) అయింది. 2021 దాకా అని వేసిన ప్లాను 2006లో ఖరారైంది. ఆ తర్వాత 2041 దాకా వేసిన ప్లానుకి 2021లో ముసాయిదా పెట్టి, అభ్యంతరాలు, సూచనలు తీసుకుని, అదే ఏడాది ఖరారు చేశారు. అంటే ఒక గీత ఖాయమైతే పదిహేనేళ్లో ఇరవయ్యేళ్లో మనం దానికి లోబడే ఇల్లు కట్టాలి, అమ్మాలి, బ్యాంకు లోను తెచ్చుకోవాలి. మధ్యలో సవరణలు ఉంటాయి, నిజమే. ఒక్క స్థలం భూవినియోగం మార్చే నోటీసైతే అభ్యంతరాలకి 15 రోజులు ఇవ్వడం మామూలు, అది పేపర్లో చిన్న అక్షరాల్లో వస్తుంది, సర్వే నంబర్లు తప్ప కాలనీ పేరు ఉండకపోతే పక్కింటివాళ్లకి కూడా అది తమ వీధి గురించేనని తెలియదు. గీత ముసాయిదాలో ఉన్నప్పుడు మాట్లాడితే ఒక కాగితంతో పోయే పని, ఖరారయ్యాక అయితే ఏళ్ల తరబడి తిరగాలి. ఇది నేను ఎవరితోనైనా చెబుతూనే ఉంటాను.

మా బాబాయి గారికి మధురవాడ వైపు 200 గజాల ప్లాటు ఉంది, 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు. ప్లాను సవరణ ముసాయిదాలో ఆ పక్కగా 80 అడుగుల రోడ్డు ప్రతిపాదన ఉందని కాలనీ వాట్సాప్ గ్రూపులో మ్యాపు ఫోటో తిరగడం మొదలైంది, ఇంట్లో అందరికీ టెన్షన్. ఫోన్లో ఎంత పెద్దది చేసినా అది గులాబీ రంగు మరకలాగే కనిపిస్తోంది తప్ప ఇల్లు ఎక్కడో తెలియడం లేదు. షాపు పెద్దాయన్ని అందరూ మాస్టారు అంటారు, డ్రాఫ్ట్స్‌మన్‌గా చాలా ఏళ్లు చేసిన మనిషి. ఆయన ముందు స్కేలు తీసి మ్యాపు మీద పెట్టారు. 1:10,000 మ్యాపులో ఒక మిల్లీమీటరు అంటే నేల మీద 10 మీటర్లు. బాబాయి ప్లాటు వెడల్పు 9 మీటర్ల చిల్లర, అంటే మ్యాపులో ఒక్క మిల్లీమీటరు కూడా లేదు. 80 అడుగుల రోడ్డేమో రెండున్నర మిల్లీమీటర్లకి కాస్త తక్కువ పట్టీ. ఆ పట్టీ అర మిల్లీమీటరు అటో ఇటో జరిగితే నేల మీద 5 మీటర్లు, మన ప్లాటు వెడల్పులో సగానికి పైగా. "బాబూ, ఈ బొమ్మ చూసి భయపడొద్దు, ధైర్యపడొద్దు కూడా. ఎఫ్‌ఎంబీ తెండి, అప్పుడు మాట్లాడుకుందాం" అన్నారు.

ఎఫ్‌ఎంబీ అంటే సర్వే నంబరు వారీగా కొలతలతో ఉండే పటం. మన కోస్తాలో మద్రాసు రోజుల నుంచి గొలుసుతో కొలిచి వేసిన పటాలు ఉన్నాయి, 100 లింకులు ఒక గొలుసు, గొలుసు 66 అడుగులు. అక్కడ కంప్యూటర్ మీద పనిచేసే అమ్మాయి ఆ పటాన్ని స్కాన్ చేసి, ఊరి మ్యాపు మీద కూర్చోబెట్టి, ఆ రెంటినీ కలిపి ముసాయిదా మీద వేసింది. చూడ్డానికి తేలికే అనిపిస్తుంది కానీ కాదు. రెండు మ్యాపుల్లోనూ కనిపించే గుర్తులు పట్టుకోవాలి: చెరువు గట్టు మూల, పాత రోడ్డు మలుపు, మూడు పొలాలు కలిసే చోటి సర్వే రాయి. ఒక మూల కుదరగానే నేనైతే అయిపోయిందనుకున్నాను, ఆ అమ్మాయి మాత్రం ఎదుటి మూల కూడా చూసి, అక్కడ పక్కకి జరిగి ఉందని మళ్లీ మొదటి నుంచి కూర్చోబెట్టింది. చివరికి తేలింది ఏంటంటే, రోడ్డు అంచు బాబాయి ప్లాటు ముందు వైపు 8 అడుగులు తీసుకుంటోంది, కాలనీ పార్కు ఒక మూల మొత్తం పోతోంది. గ్రూపులో "ఇళ్లన్నీ పోతాయి" అన్నవాళ్లదీ నిజం కాదు, "మనకేం కాదు" అన్నవాళ్లదీ నిజం కాదు. ఆ ఒక్క ప్రింటుతో కాలనీలో వాదనలు ఆగిపోయి, పార్కు గురించి అందరూ కలిసి సంతకాలు పెట్టారు.

ఇక అర్జీ సంగతి. మా పిన్ని రెండు పేజీలు రాసుకొచ్చారు, నగలు అమ్మి ప్లాటు కొన్న దగ్గర్నుంచి అన్నీ ఉన్నాయి అందులో. మాస్టారు మొత్తం చదివారు, ఒక్క మాట కొట్టెయ్యలేదు. "అమ్మా, ఇది రెండో కాగితంగా పెడదాం. మొదటి కాగితంలో మ్యాపు షీటు నంబరు, గ్రామం, సర్వే నంబరు, ఎంత రోడ్డు, మీరు ఎక్కడికి జరపమంటున్నారు, ఇంతే ఉండాలి. చదివే ఆఫీసరు గారు కాగితం చూడగానే మ్యాపులో ఆ చోట వేలు పెట్టగలగాలి" అన్నారు. వద్దు అని మాత్రమే రాస్తే చాలదని, ఏం కావాలో కూడా రాయమన్నారు. పాత రోడ్డు మధ్య గీత నుంచి రెండు వైపులా సమానంగా వెడల్పు చేయమని, పార్కు మూల వదిలెయ్యమని, అలా చేస్తే రోడ్డు ఎలా పోతుందో ఎర్ర గీతతో వేసిన ప్రింటు జతచేశారు. విచారణ రోజు మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న సర్వే నంబరే. ఆ షీటు బల్ల మీద పరిచి మాట్లాడుకున్నాం, మా మాట పూర్తిగా విన్నారు. నిర్ణయం ఇంకా రావాలి.

అక్కడ కూర్చుని ఉండగా వచ్చిన వాళ్లని చూసి కూడా చాలా తెలుసుకున్నాను. పసుపు నివాసం, నీలం వాణిజ్యం, ఊదా పరిశ్రమలు, ఎరుపు బడులూ ఆస్పత్రుల్లాంటి ప్రజావసరాలు, ఆకుపచ్చ పార్కులు, ఖాళీ స్థలాలు, ఇది చాలామందికి తెలిసిందే. తెలియనిది ఏంటంటే, రంగు హక్కు ఇవ్వదు. సింహాచలం దేవస్థానంతో భూముల వివాదం ఉన్న పంచగ్రామాల నుంచి ఒక కుటుంబం వచ్చింది, మ్యాపులో తమ ఇల్లు పసుపులో ఉంది కాబట్టి దేవస్థానంతో ఉన్న సమస్య తీరినట్టేనా అని ఆశగా అడిగారు. జోను వేరు, హక్కు వేరు, ఆ సమస్య ఈ మ్యాపుతో తేలదు అని మాస్టారు ఓపిగ్గా చెప్పి, వాళ్ల దగ్గర డబ్బులు తీసుకోలేదు. జాలరిపేట నుంచి వచ్చిన వాళ్లకి సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ మండలి) మ్యాపు వేరే ఉంటుందని, సముద్రం పోటు గీత నుంచి కొలతలు అందులో చూడాలని, దానికి ప్రజాభిప్రాయ సేకరణ కూడా విడిగా జరుగుతుందని చెప్పారు. ఇంకొకాయన తన స్థలం మీదుగా పోతున్న గెడ్డని (వాగుని) ప్రింటులో కనబడకుండా చేసి ఇమ్మన్నాడు, ఎంత కావాలంటే అంత ఇస్తానన్నాడు. "గెడ్డ తీసేస్తే వాన నీళ్లు ఎవరింట్లోకి పోవాలి?" అని ఒక్క మాట అడిగి మాస్టారు ఆ పని తీసుకోలేదు. ఈ షాపు మీద నాకు పూర్తి నమ్మకం కుదిరింది అప్పుడే.

తగ్గిన అర గురించి. గడువు దగ్గర పడేకొద్దీ ఇక్కడ నిలబడడానికి చోటుండదు, టోకెన్ పద్ధతి లేదు, ఎవరు ముందు వచ్చారో వాళ్లలో వాళ్లే గొడవపడాలి. మెట్లు నిటారుగా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి కష్టం. ధరలు బోర్డు మీద రాసి పెట్టలేదు, షీటుకి ఇంత అని నోటితో చెబుతారు, ఎక్కువేం కాదు కానీ ముందే రాసి ఉంటే అడగడానికి మొహమాటపడేవాళ్లకి బాగుంటుంది. విచారణకి మనతో రారు, అది వాళ్లు ముందే చెప్పేస్తారు.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఇది షాపు గురించి కాదు. ఇంత మంచి పని డబ్బు పెట్టి చేయించుకోవాల్సి రావడం నాకు బాధగా ఉంది. 2019 నుంచి వార్డు సచివాలయాల్లో ప్లానింగ్ సెక్రటరీ అనే ఉద్యోగమే ఉంది. భీమిలి, అనకాపల్లి కూడా కలిశాక మన జీవీఎంసీలో (మహా విశాఖ నగరపాలక సంస్థలో) 98 వార్డులు. ముసాయిదా వచ్చినప్పుడల్లా ఆ వార్డు ముక్కని సర్వే నంబర్లతో, వీధుల పేర్లతో, తెలుగులో, గడువు అయ్యేదాకా సచివాలయం గోడకి అంటిస్తే ఎంతమందికి మేలు జరుగుతుంది! గడువు అయ్యాక ఏ అభ్యంతరం తీసుకున్నారు, ఏది తీసుకోలేదు, కారణం ఏంటి అని పట్టిక కూడా అదే గోడ మీద ఉండాలి. కూలి పనికి పోయే మనిషి సిరిపురం దాకా వచ్చి, మేడ ఎక్కి, ప్రింటుకి డబ్బు కట్టి తన ఇల్లు మ్యాపులో వెతుక్కోలేడు. అతని ఇల్లు కూడా అదే గీత పక్కన ఉంటుంది.

వెళ్లేవాళ్లు దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, లేఅవుట్ కాపీ, ఇంటి పన్ను రసీదు పట్టుకెళ్లండి. ఎఫ్‌ఎంబీ నకలు, నోటీసు వచ్చిన పేపరు కటింగ్ కూడా ఉంటే పని అదే రోజు అయిపోతుంది. పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నం దాటితే పెద్ద ప్రింటరు లేఅవుట్ల వాళ్ల చేతుల్లోకి వెళ్లిపోతుంది. అర్జీ ఇచ్చాక రెండో కాపీ మీద తేదీతో రసీదు ముద్ర వేయించుకోవడం మర్చిపోవద్దు, విచారణలో ముందు చూపించాల్సింది అదే.