కంపోస్ట్ డబ్బా రెండున్నరేళ్ళు వాడాక (ముఖ్యంగా ఆ కుళాయి గురించి)

కొన్న నెలకే ఈ డబ్బాని తెగ మెచ్చుకుంటూ ఐదు స్టార్లు ఇచ్చేశా, వాసనే రాదు, పనే ఉండదు అని కూడా రాసినట్టున్నా. అందుకే ఇప్పుడు మళ్ళీ రాయాల్సొచ్చింది. సైజులు, మూతలు, ఏం వేయాలి ఏం వేయకూడదు అనేవి అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నా. నా గొడవంతా, తొక్కలు కుళ్ళి ఎరువయ్యేటప్పుడు ఊరే నీళ్ళు బయటికి తీయడానికి అడుగున పెట్టిన కుళాయితోనే.

మొదటి ఏడాది బ్రహ్మాండం. తొక్కలు వేయడం, పైన రెండు గుప్పెళ్ళ ఎండుటాకులు చల్లడం, అంతే. తర్వాత వానలు పట్టుకున్నాయి, దాచుకున్న ఆకులన్నీ తడిసి ముద్దయిపోయాయి, నేనేమో బద్ధకించి ఓ పది పదిహేను రోజులు ఉత్త తొక్కలే వేసుకుంటూ పోయా. కుళాయి తిప్పితే చుక్క రావట్లేదు, ఓహో లోపల పొడిగానే ఉందన్నమాట అని సంబరపడ్డా కూడా. తీరా చూస్తే చెత్త కిందికి జారకుండా లోపల ఉండే జల్లెడకీ కుళాయికీ మధ్య బురద గట్టిపడి దారి మూసుకుపోయింది, అడుగున జానెడు నీళ్ళు నిలిచిపోయాయి. ఒకరోజు మూత తీశానో లేదో గుప్పున కుళ్ళిన గుడ్డు కంపు, పైగా లావుపాటి తెల్ల పురుగులు కుప్పలు కుప్పలుగా లుకలుకమంటూ! మా ఆయనైతే "అది ఉండాలో నేనుండాలో తేల్చుకో" అన్నారు, జోక్‌గానే అన్నారనుకుంటా.

ముక్కుకి గుడ్డ కట్టుకుని మొత్తం ఓ పాత పట్టా మీద బోర్లించా. కుళాయి విప్పి ఇనప చువ్వతో పొడిస్తే నల్లటి బురద బొళుక్కున వచ్చింది. అడుగున ఎండు పుల్లలు పరిచి, వాటి మీద చింపిన అట్టపెట్టెల ముక్కలు వేసి, చెత్తని అట్టముక్కలతో కలుపుతూ మళ్ళీ నింపా. నాలుగైదు రోజులకి కంపు పోయింది. గాలాడకపోతే చెత్త వేరే రకం బ్యాక్టీరియా చేతికి పోతుంది, అవి హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ లాంటివి వదుల్తాయి, ఆ గుడ్డు వాసన మొదటిదాని పుణ్యమే. రెండోదానికి వాసన లేదు గానీ వందేళ్ళ లెక్కన చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే 27 రెట్లకి తక్కువ కాకుండా భూమిని వేడెక్కిస్తుంది. అంటే పెద్ద చెత్తగుట్ట లోపల జరిగేదాన్నే, పర్యావరణం పేరు చెప్పి కొన్న డబ్బాలో నేను చక్కగా జరిపించానన్నమాట.

పురుగుల విషయంలో మాత్రం మనసు మార్చుకున్నా. అవి బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లలు. పెద్దయ్యాక మామూలు ఈగల్లా మన తిండి మీద ముసరవు, పిల్లలుగా ఉన్నప్పుడు మాత్రం చెత్తని ఆబగా తినేస్తాయి. అవి ఉన్నన్నాళ్ళు డబ్బా నిండటమే లేదు. ఇప్పుడు కనిపిస్తే చూసీ చూడనట్టు మూత పెట్టేస్తున్నా.

ఇంకోటి, కంపోస్టబుల్ (అంటే ఎరువుగా మారిపోయేది) అని రాసున్న సంచి ఒకటి ఇందులో వేశా, ఎనిమిది నెలల తర్వాత మీద అక్షరాలతో సహా బయటికొచ్చింది! అలాంటివి చాలావరకు 58 డిగ్రీల దగ్గర నడిచే పెద్ద ప్లాంట్ల కోసం చేసినవి, మన డబ్బా అంత వేడెక్కదు. పళ్ళ మీది స్టిక్కర్లూ అంతే, ముందే పీకేయండి.

మరి కొనొచ్చా అంటే... మాకు మొక్కలున్నాయి, డబ్బా పెట్టడానికి నీడ పట్టున చోటుంది, వారానికోసారి కర్రతో కలిపే ఓపిక నాకుంది (ఎక్కువ వారాలు). ఎరువు బాగా వస్తోంది, మా చెత్తబుట్ట సగానికి సగం తగ్గింది, అది నిజం. కానీ మొక్కలు లేనివాళ్ళు, తరచూ ఊళ్ళు తిరిగేవాళ్ళు కొనేముందు ఆలోచించుకోండి. పొడి చెత్త (ఎండుటాకులు, అట్టముక్కల లాంటివి) దొరకని వాళ్ళకైతే కొనమని నేను అసలు చెప్పను, తడి ఒక వంతు వేస్తే పొడి రెండు వంతులు పడాల్సిందే, అది కంపెనీ వాళ్ళ పుస్తకంలో ఎక్కడో చివర చిన్నక్షరాల్లో ఉంది.

ఇప్పటికి మూడున్నర స్టార్లు. పోయిన అర స్టారు నా బద్ధకానిది, మిగతా ఒకటీ కుళాయిది. పొడిచి పొడిచి ఇప్పుడది ఎంత బిగించినా కారుతూనే ఉంది, కింద ఓ పాత గిన్నె పెట్టా, రోజూ పొద్దున పారబోస్తున్నా.