మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్: అమ్మమ్మ చేతికందే నాలుగు వేలు

తల్లిదండ్రులను కోల్పోయి అమ్మమ్మ దగ్గరో, మేనమామ ఇంట్లోనో పెరుగుతున్న పిల్లలకు మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ బాలల సంరక్షణ పథకం కింద నెలకు 4,000 రూపాయల సాయం అందుతుంది. ఒకప్పుడు ఇది 2,000 మాత్రమే. మా పొరుగింటి అమ్మమ్మగారి తరఫున దరఖాస్తు పెట్టించిన అనుభవంతో చెబుతున్నాను, పథకం మంచిదే కానీ దారంతా గతుకులే. కుటుంబ వార్షికాదాయం పల్లెల్లో 72,000, ఇతర ప్రాంతాల్లో 96,000 రూపాయలు దాటకూడదన్న నిబంధన, ఇద్దరు కూలికి వెళ్లే మేనమామ ఇంటిని సులువుగా బయటికి నెట్టేస్తుంది. మరణ ధ్రువీకరణ, ఆదాయ పత్రాల కోసం మోకాళ్ల నొప్పులున్న ఆవిడను ఒక కార్యాలయం మూడుసార్లు తిప్పింది. (పిల్లాడిని పెంచడమే తేలికట, ఆవిడ మాటల్లో.) జిల్లా బాలల సంరక్షణ విభాగం వారు ఇంటికే వచ్చి, మనవడితో విడిగా, ఓపికగా మాట్లాడిన తీరు మాత్రం నాకు బాగా నచ్చింది.